మా టీచరమ్మ తిన్న విస్తరి

మా టీచరమ్మ చనిపోయింది. నేను ఈపూరులో మా అమ్మావాళ్ళింట్లో ఉన్నప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. "టీచరమ్మ లేదే ఇక" అన్నాడు. చర్చి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ అట్లాగే పక్కకి ఒరిగిపోయిందట. ఒక చెప్పు ఇంకా కాలికే ఉందట. నేను పాపని తీసుకుని, బస్సులు మారి, రెంటచింతల దగ్గర మా ఊళ్ళో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది.

వీధి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో టీచరమ్మ ఫొటో అరచేతంత. పక్కన చేతులు జోడించి నిలబడ్డ మా ఊరి పెద్దాయన ఫొటో మనిషంత. కింద "మా కుటుంబ సభ్యురాలు, మా ఇంటి అన్నం తిన్న తల్లి" అని రాయించారు. దారి పొడుగునా ఏడుస్తూ వచ్చినదాన్ని, అది చదివాక నాకు ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

ఆమె ఆ ఇంటి అన్నం తిన్నమాట నిజమే. ఒకే ఒక్కసారి తిన్నది. ఎందుకు తిన్నదో, ఎట్లా తిన్నదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసి కూడా శవం దగ్గర ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నాకు నలుగురిలో మాట రాదు. కాగితం మీదయితే వస్తుంది. అది కూడా ఆమె నేర్పిందే.

నేను ఏడో తరగతితో చదువు ఆపేసి, కొన్నాళ్ళకి పెళ్ళయి ఈ వీధికి వచ్చాను. మా చర్చి వీధిలో అందరివీ కౌలు పొలాలో కూలి పనులో. టీచరమ్మది మా పక్కిల్లు. ఇక్కడి చిన్న బళ్ళోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. గారు అని రాయాలని నాకు తెలుసు. కానీ మా వీధిలో ఎవరూ ఆమెని అట్లా పిలవలేదు, ఆమె పిలవనిచ్చేది కూడా కాదు.

సగం మాట చెప్పి మిగతా సగం మింగడం నాకు అలవాటు. "టీచరమ్మా, కొంచెం చక్కెర..." అని గుమ్మంలో నిలబడితే ఆమె కదిలేది కాదు.

"చక్కెర ఏమయిందే? చీమలు మోసుకుపోయినయ్యా? మంచమెక్కి పడుకుందా?"

"చక్కెర కావాలి" అని నేను పూర్తిగా అన్నాకే లేచి డబ్బా తీసేది. "బస్సెక్కినదానివి ఊరొచ్చేదాకా కూర్చోవాలి కదే, మధ్యలో దూకితే ఎట్లా" అని నవ్వేది. తనకి షుగరు జబ్బు, ఇంట్లో చక్కెర వాడేదే కాదు. నాతో ఆ ఒక్క మాట పూర్తిగా అనిపించడానికే డబ్బా నింపి పెట్టేదని చానా కాలానికి తెలిసింది.

మిరపకాయల కాలంలో మా వీధి ఆడవాళ్ళమంతా ఆమె వాకిట్లోనే కాయలు ఏరేవాళ్ళం. ఎర్రటి మంచి కాయ ఒక పక్క, తెల్లబడిన తాలుకాయ ఒక పక్క. ముక్కులకి గుడ్డలు కట్టుకుని, దగ్గుకుంటూ ఏరుతుంటే ఆమె పేపరు చదివి వినిపించేది. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేది. ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ము అయ్యేదాకా ఆగి, వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివేది.

ఒకరోజు ఎక్కడో దూరదేశంలో యుద్ధం గురించి చదువుతోంది. ఆ దేశంలో వయసు మగవాళ్ళెవరూ ఊరు దాటి పోకూడదట, అందరూ పోయి తుపాకి పట్టాలట. "నిర్బంధ సైనిక సేవ" అని పేపర్లో రాశారు. నేను మెల్లగా అంటే ఏంటని అడిగాను. ఇంత పొడుగు మాట నేను అడిగినందుకే ఆమెకి సంతోషమయింది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నిర్బంధం అంటే కట్టెయ్యడం. బంధించడంలో నుంచి వచ్చిన మాట. చివర్న సేవ అని తగిలించారు చూడండి. కట్టేసి తోలుకుపోయేదానికి సేవ అని పేరు. ఇంగ్లీషులో కాన్‌స్క్రిప్షన్ అంటారు. అది లాటిన్ వాళ్ళ మాట. కలిపి రాయడం అని అర్థం. పేర్లన్నీ ఒక చోట కలిపి రాసేవాళ్ళు. నీ పేరు అందులో ఎక్కిందంటే నువ్వు ఇక నీవాడివి కావు."

"మరి మన తెలుగులో అట్లాంటిది లేదా?" అని మరియక్క అడిగింది. మరియక్కది మా ఎదురిల్లు. ఆమె నోటికి మా వీధి మగవాళ్ళు కూడా భయపడతారు.

"వెట్టి ఉంది కదే. విష్టి అనే సంస్కృతం మాటలో నుంచి వచ్చిందంటారు. కూలి లేకుండా బలవంతంగా చేయించుకునే పని. రాజులు యుద్ధానికి పోతే మూటలు మోయడానికి, బాటలు వెయ్యడానికి వెట్టివాళ్ళనే తోలుకుపోయేవాళ్ళు. కారంపూడిలో ఇప్పటికీ పల్నాటి యుద్ధంలో చచ్చినోళ్ళ కత్తులకి పూజలు చేస్తారు. ఆ మూటలు మోసినోడి పెళ్ళాం ఆ పూట ఏం తిన్నదో ఎవరన్నా చెప్తారా?"

మరియక్క ముక్కు మీద గుడ్డ కిందికి లాగింది. "మనూళ్ళో రాయరు కదా టీచరమ్మా. విస్తరేస్తారు."

ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను కొత్త కోడల్ని, నాకు అర్థం కాలేదు. అప్పుడు టీచరమ్మ చెప్పింది.

మా ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. మా వీధి కౌలుకి చేసే పొలాలన్నీ పెద్దాయనవి. అవతలి వర్గంతో కొట్లాట వస్తుందనుకున్నప్పుడు పెద్దాయన మా వీధిలో ఇంటికొక మగవాణ్ణి భోజనానికి పిలుస్తాడు. "మీ ఇంటికి విస్తరేశారు" అని కబురొస్తుంది. ఇంటికి ఒకే విస్తరి. దాని ముందు కూర్చుని తిన్నవాడు ఆ పూట ఆయన చెప్పిన చోటుకి పోవాలి, ఇచ్చింది చేత పట్టుకోవాలి. పోకపోతే కౌలు పొలం ఉండదు. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళలో కూడా పేపరు ప్లేట్లే. ఆ భోజనానికి మాత్రం మోదుగాకులు కుట్టిన విస్తర్లే వెయ్యాలి, అది వాళ్ళ ఇంటి పట్టింపు. మామూలు రోజుల్లో ఆ వాకిట్లో మావాళ్ళకి గేటు దగ్గరే మంచినీళ్ళు. ఆ రోజు మాత్రం అందరితో కలిపి బంతిలో కూర్చోబెడతారు.

"విస్తరి మొదట ఇట్లాంటి మాట కాదే" అంది టీచరమ్మ. "మా నాయనకి కొత్తగా పెళ్ళయిన రోజుల్లో వరసగా వానలు ఎగ్గొట్టినయి. సాగర్ కాలవ ఇంకా రాలేదు. అప్పుడు ఇప్పటి పెద్దాయన తాత గింజల పాతర తీయించి, జొన్న సంకటి వండించి, కూలోళ్ళ ఇళ్ళకి ఇంటికొక విస్తరి వేయించాడు. జనం బతికారు. చేతులెత్తి మొక్కారు. వానలు పడినయి. ఆ తర్వాత పక్కూరితో పోరంబోకు తగాదా వచ్చింది. అప్పుడు ఆయన, విస్తరి తిన్న ప్రతి ఇంటి నుంచి ఒక మగాడు రావాలన్నాడు. మా నాయన పోయాడు. ఆ సంకటి అరిగిపోయి ఎన్నేళ్ళయిందో, ఈ వీధి ఇంకా దాని రుణం తీరుస్తానే ఉంది. ఆకలి తీర్చిన మాటతో కత్తి పట్టించారు. మాటన్నాక మారుద్ది. మార్చినోడెవడో మర్చిపోకండి."

ఆమె తమ్ముడు కూడా అట్లాగే పోయాడు. ఇప్పటి పెద్దాయన తండ్రి వేసిన విస్తరి అది. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది ఆమే. సాయంత్రానికి శవాన్ని మంచం మీద మోసుకొచ్చారు. "వీరుడమ్మా నీ తమ్ముడు, పల్నాటి పేరు నిలబెట్టాడు" అన్నాడట ఆ తండ్రి. ఆ రోజు నుంచి వీరుడు అనే మాట చెవిన పడితే తనకి ఆ మంచమే కళ్ళ ముందుకి వస్తుందని చెప్పింది. బళ్ళో పాఠంలో ఆ మాట వస్తే పిల్లల చేత చదివించేది, తను పలికేది కాదు.

మా పాప చంకపిల్లగా ఉన్నప్పుడు మా ఇంటికి విస్తరి పడింది.

కాలవ పక్క పొలం గట్టు దగ్గర ఏదో గొడవ. పెద్దాయన దగ్గర పనిచేసే చినకోటయ్య వచ్చి, గడప అవతలే నిలబడి, "రేపు మధ్యాన్నం మీ ఇంటికి విస్తరేశారు" అన్నాడు. పెళ్ళి పిలుపు చెప్పినట్టు నవ్వుతూనే చెప్పాడు. మా మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన కుడిచేతికి వేళ్ళు లేవు. పాత గొడవలో నాటుబాంబు చేతిలోనే పేలింది. ఆ చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"పోవద్దు" అన్నాను మా ఆయనతో. ఆ ఒక్క మాట అనడానికి నాకు చానా సేపు పట్టింది.

"పోకపోతే పొలం పోద్ది. పాపకి ఏం పెడదాం?"

"పోతే..."

మిగతా సగం ఎప్పట్లాగే మింగాను. ఆయనా అడగలేదు. ఆ సగం ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున పాపనెత్తుకుని టీచరమ్మ గుమ్మంలో నిలబడ్డాను. "ఏంది? చక్కెరా?" అంది. తల అడ్డంగా ఊపాను. "నోటితో చెప్పవే."

"మా ఇంటికి విస్తరేశారు టీచరమ్మా. ఆయన పోతానంటున్నాడు. నాకు భయంగా ఉంది." నా జన్మలో అన్ని మాటలు ఒక్కసారి ఎవరితోనూ అనలేదు.

ఆమె లోపలికి పోయి, బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు కట్టుకునే నీలం అంచు తెల్లచీర కట్టుకుని వచ్చింది. "పద" అంది.

పెద్దాయన వాకిట్లో షామియానా వేసి ఉంది. విస్తర్లు పరిచారు. మగవాళ్ళు వచ్చి ఒక్కొక్కరే కూర్చుంటున్నారు. మరియక్క కొడుకు కూడా ఉన్నాడు. నేను గోడ వారగా నిలబడిపోయాను. మా ఆయన తన విస్తరి ముందు నిలబడి వంగుతుండగా టీచరమ్మ వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసింది.

"పక్కకి జరుగు నాయనా."

ఆయన బిత్తరపోయి జరిగాడు. ఆమె చేతికర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా ఆ విస్తరి ముందు చతికిలబడింది.

"ఏంది టీచరమ్మా, దారి తప్పావా?" అని చినకోటయ్య ఎగతాళి చేశాడు. "ముసలోళ్ళ పింఛనుకి ఇక్కడ కాదు, పంచాయతీ ఆఫీసుకి పోవాల."

"నీకు ఎక్కాలు నేర్పలేక దారి తప్పాను రా నేను. పోయి అన్నం తీసుకురా."

బంతిలో కొందరు తలలు వంచుకుని నవ్వారు. అందులో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే. పెద్దాయన కుర్చీలో నుంచి లేచి వచ్చాడు.

"ఇది మగోళ్ళ బంతి. నీకు లోపల పెట్టిస్తా, లే."

ఆయన్ని ఎప్పుడూ మీరు అనేది టీచరమ్మ. ఆ రోజే మొదటిసారి నువ్వు అంది. "మీ తాత వేసిన విస్తరి మా నాయన తిన్నాడు. మీ నాయన వేసింది మా తమ్ముడు తిన్నాడు. నువ్వేసింది నేను తింటా. ఆకలవుతోంది, వడ్డించమను."

వడ్డించే అతను గంప పట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. చెయ్యి అలవాటున దానంతట అదే కదిలింది కాబోలు, ఆమె విస్తరిలో అన్నం పడింది. పెద్దాయన అతని మీద చెయ్యెత్తాడు. అప్పుడు పంచలో మంచం మీద ఉన్న పెద్దాయన తల్లి కేకేసింది. "ఒరేయ్, అన్నం పడినాక మనిషిని లేపుతావా? ఇల్లు నాశనమైపోద్ది!"

ఆయన చెయ్యి దిగిపోయింది. మా పల్నాడులో ఎంత మొండివాడైనా వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషిని లేపడు. ఇంకో పట్టింపు కూడా ఉంది. ఆఖరి మనిషి తినేదాకా బంతి లేవకూడదు.

టీచరమ్మ తిన్నది. పళ్ళు సరిగా లేవు. పొట్టేలు ముక్క ఒక్కొక్కటి చిదుముకుని, నమిలి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఇంత కలుపుకుని తిన్నది. అందరి చేతులూ ఎండిపోయాయి. వాళ్ళ విస్తర్ల మీద ఈగలు ముసిరాయి. ఎవరూ లేవలేదు. పప్పుచారు అడిగి పోయించుకుంది. పెరుగు అడిగింది. విస్తరిలో మెతుకు లేకుండా తిని, ఆకు మడిచి, "ఈ ఇంటి విస్తరి అయిపోయింది నాయనా" అని మా ఆయన వైపు చూసి లేచింది. ఇంటికి ఒకే విస్తరి. ఆ మాట వాళ్ళదే.

మా ఆయన మాతో ఇంటికి వచ్చేశాడు. ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ అబద్ధమవుతుంది.

మిగతావాళ్ళు కొట్లాటకి పోయారు. సాయంత్రం కాలవ గట్టు మీద రాళ్ళూ కర్రలూ లేచాయి. మరియక్క కొడుక్కి కన్ను పోయింది.

టీచరమ్మకి ఆ తిండి పడక మా అరుగు మీదే వాంతయింది. నేను వీపు రాస్తుంటే మరియక్క ఏడుపు వినపడింది. టీచరమ్మ నోరు తుడుచుకుని, "ఒక విస్తరే కదే నేను తినగలిగింది" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"పక్కింటోళ్ళది తిన్నావు, మాది తినలేకపోయావా?" అని మరియక్క వీధిలో నిలబడి అడిగింది. ఆ తర్వాత టీచరమ్మతోనూ మాతోనూ మాట్లాడటం మానేసింది. టీచరమ్మ రోజూ పోయి ఆ పిల్లవాడి కంటికి మందు చుక్కలు వేసి వచ్చేది. మరియక్క తలుపు తీసి ముఖం తిప్పుకునేది. ఈమె మందు వేసి వచ్చేసేది. నాకు మరియక్క మీద కోపం రాలేదు. కోపం వేరే చోట ఉంది. విస్తర్లు వేసినవాడి మీద రావాల్సిన కోపాన్ని, రెండు ఇళ్ళ ఆడవాళ్ళం ఒకరి మీద ఒకరం మోస్తూ తిరిగాం. ఆయనకి కావలసిందీ అదే.

ఇప్పుడు చెప్పండి. అట్లాంటి మనిషి శవపేటిక కింద పెద్దాయన భుజం పెట్టి, ఫొటో తీసేదాకా మోసి, తీశాక పక్కకి తప్పుకున్నాడు. సమాధి దగ్గర ఫాదర్ గారు ప్రార్థన ముగించగానే మైకు తీసుకుని, "మా ఇంట్లో బంతిలో కూర్చుని తృప్తిగా తిన్న మహాతల్లి" అన్నాడు. తృప్తిగానట! షుగరు మనిషి, కడుపు పట్టకపోయినా కుక్కుకున్నది తృప్తిగానట. "మా పార్టీలో వీరవనిత" అని కూడా అన్నాడు. ఆమె చెవికి అది చేరకుండా మధ్యలో మట్టి ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆమె ఎవరి పార్టీ కాదు. ఎవరి కుటుంబ సభ్యురాలూ కాదు. మా టీచరమ్మ. ఆ అన్నం ఆమె తిన్నది ఇంకొకరి చేత వాళ్ళు తినిపించకుండా ఆపడానికి. ఇది చదివేవాళ్ళు ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆమె సమాధి మీద మట్టి ఆరకముందే చినకోటయ్య మళ్ళీ మా వీధికి వచ్చాడు. చెరువు వేలం దగ్గర తగాదా అట. మా గడప దగ్గర ఆగి అదే నవ్వుతో కబురు చెప్పాడు. మా ఆయన పాపకి జడ వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "నేను రాను" అన్నాడు. "పొలం సంగతి?" అన్నాడు చినకోటయ్య. "తీసుకోమను" అన్నాడు మా ఆయన. ఆ పొలంలో మిరప నారు నాటి ఎన్నాళ్ళో కాలేదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకొమ్మని నేను అనలేదు.

మర్నాడు మధ్యాన్నం ఉండబట్టలేక బయల్దేరాను. వీధి మలుపులో వెనక అడుగుల చప్పుడైతే చూశాను, మరియక్క. వచ్చి నా పక్కన నడిచింది. పెద్దాయన ప్రహరీ గేటు తెరిచే ఉంది. ఇద్దరం రోడ్డు మీదే నిలబడి చూశాం. మా వీధి మగవాళ్ళు చానామంది వచ్చి కూర్చున్నారు. వాళ్ళని ఏమనను, అందరికీ పిల్లలున్నారు. కానీ బంతిలో రెండు చోట్ల మనిషి లేడు. ఒకటి మాది. ఇంకొకటి మరియక్క వాళ్ళది. వడ్డించే అతను గంపతో వచ్చి, ఆ రెండింటి దగ్గర ఒక్క క్షణం ఆగి, వంగబోయి, దాటుకుని పోయాడు. వేడిగాలికి ఆ విస్తర్లు అంచులు లేపుతున్నాయి. ఎగిరిపోకుండా ఎవరో ఒక్కోదాని మీద ఒక్కో మంచినీళ్ళ గ్లాసు పెట్టారు.